రోకటి చప్పుడు కోసం ఆగిన షూటింగ్

సినిమాలకూ సీరియళ్లకూ బట్టలు కుట్టే పనిలోకి రావాలనుకునే ఆడపిల్లలు అప్పుడప్పుడు ఖమ్మంలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. ఈ పనిలో ముందుగా ఏం నేర్చుకోవాలి ఆంటీ అని అడుగుతారు. కత్తెర పట్టడం అని చెబుతానని వాళ్ల ఆశ. కోపం ఆపుకోవడం అని చెబుతాను. అది నాకు చివరిదాకా పట్టుబడలేదు కాబట్టి ఈ సలహాకు విలువెంతో మీరే చూసుకోండి.

మాది దర్జీల ఇల్లు. మామగారు షేర్వానీలు కుట్టేవారు, మా ఆయన ప్యాంట్లు, నేను జాకెట్లు. ఊళ్లో నాటకాల పోటీలు జరుగుతుంటే ఎవరో వచ్చి నాలుగు రాజుల అంగీలు కుట్టిపెట్టమన్నారు. అక్కడితో మొదలై, సీరియళ్లు, సినిమాలు, ఆ తరువాత ఫోన్లలో చూసే సిరీస్‌లు అంటూ నా సగం జీవితం ఎక్కడా లేని మనుషులకు బట్టలు కుట్టడంలోనే గడిచిపోయింది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కవాళ్లను పిలవాల్సి వచ్చాక మానేశాను.

మా పనిలో ఒక విచిత్రం ఉంది. కొత్త బట్ట కొని దాన్ని పాతది చేయాలి. టీ డికాక్షన్లో నానబెట్టాలి, ఎర్రమట్టి పులమాలి, బండ మీద గరుకు రాయితో రుద్దాలి, అంచులు పీకాలి. మా అత్త బతికున్నప్పుడు నేను పెరట్లో కూర్చుని బంగారంలాంటి చీరలను రాయితో రుద్దుతుంటే, నాకు మతి చెడిందేమోనని మా ఆయన్ను పక్కకు పిలిచి అడిగింది. ఇది కూలి పనే అమ్మా అని ఆయన ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

నేను చెప్పబోయే సిరీస్ కథ వెనకటి తిరుగుబాటు కాలానిది. పటాలాలు ఊళ్ల మీద పడిన రోజుల్లో ఆడవాళ్లు పడిన కష్టాలన్నమాట. కొంత చరిత్ర, కొంత కల్పన అని డైరెక్టర్ చెప్పాడు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం వాళ్లది. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, యూనిట్‌లో అందరూ తిన్నారో లేదో కనుక్కునేవాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని మర్చిపోయేదాన్ని. మంచివాళ్లతోనే చచ్చే చావు.

ఆయన దృష్టిలో ఆడదాని కష్టమంటే చిరిగిన జాకెట్. ఎంత చిరిగితే అంత కష్టం. నేను చేతి దగ్గర కొంచెం చింపి తీసుకెళ్తే, "భుజం దగ్గర ఇంకొంచెం ఆంటీ" అనేవాడు. భుజం దగ్గర చింపితే, "వీపు మీద కూడా ఒకటి పడితే బాగుంటుంది" అనేవాడు. ఊళ్లో అందరికీ ఒకేచోట ఎందుకు చిరుగుతుంది సార్ అంటే, "ఆడియెన్స్‌కి తెలియాలి కదా" అనేవాడు. ఆ ఆడియెన్స్ అనే మనిషి ఎక్కడుంటాడో గానీ, నా ముప్పావు వంతు గొడవలు ఆయనతోనే.

దమ్మపేట దాటాక అడవి అంచున గుడిసెల సెట్ వేశారు. పిలిస్తే వినపడేంత దూరంలో నిజం గూడెం ఒకటుంది. అక్కడివాళ్లు సరిహద్దు అవతలి అడవుల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ రెండు వైపులా తుపాకులు పేలుతుంటే, మధ్యలో ఉండలేక ఒక్కో ఇల్లూ నడిచి వచ్చేసి ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. ఇంట్లో కోయ మాట. మిరపకాయ కోతలకు తల్లాడ వైపు వెళ్తుంటారు కాబట్టి కొందరికి తెలుగు వచ్చు. ఆ కోత ముఠాకు మేస్త్రి ఒక నడివయసు ఆడమనిషి. జనం సీన్లకు గూడెం ఆడవాళ్లను మాట్లాడుకున్నది ఆమె ద్వారానే. నన్ను టైలరక్కా అని పిలిచేది.

కొలతలు చూడటానికి వెళ్లినప్పుడు నేను తెచ్చిన చీర పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అక్కా, గిది కొత్త చీరె కద. గిట్ల ఖరాబు చేసిండ్రేంది?"

"సినిమాల పాత చీరె కావాలంట చెల్లె."

"పాతయి మాతాన మస్తున్నయి కద. కొత్తయి మాకిచ్చి మాయి మీరు తీస్కపోతే అయిపోతది."

ఈ మాట డైరెక్టర్‌కు చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం అంతకన్నా తెలివైన ఆలోచన ఆ సెట్ మీద ఇంకెవరూ చేసినట్టు గుర్తులేదు.

ఒంటికి అలవాటు పడాలని చీరలూ జాకెట్లూ ముందురోజే ఇచ్చి పంపాం. మర్నాడు వాళ్లు కట్టుకొచ్చిన తీరు చూసి నేను తల పట్టుకున్నాను. ఉతికేశారు. అంతేకాదు, చిరుగులన్నీ కుట్టేశారు. ఎవరికి దొరికిన దారంతో వాళ్లు, కొందరు ఎర్రదారం, కొందరు నల్లదారం, దగ్గర దగ్గరగా చక్కటి కుట్టు. "చిరిగినయి కట్టుకొని నలుగుర్ల కెట్లొస్తమక్కా" అంది మేస్త్రి, నేనేదో మర్చిపోయి ఇస్తే తాము సరిచేసి పెట్టామన్నంత అభిమానంగా. డైరెక్టర్ మళ్లీ చింపమన్నాడు. నేను చింపనన్నాను. ఒంటి మీదున్న బట్ట చింపే పని నేనెప్పుడూ చేయలేదు. ఆ వాదనలోనే పొద్దెక్కింది. చివరికి, సరే, దూరం నుంచి తీద్దాం అని ఆయనే తగ్గాడు.

అసలు గొడవ ఇంకొకటుంది. ఆ రోజు తీయాల్సింది పటాలం ఊరి మీద పడే సీన్. ఆడవాళ్లు వడ్లు చెరుగుతూ, పిల్లల్ని ఆడిస్తూ కూర్చుని ఉంటారు. జీపుల్లో ఖాకీ నిక్కర్లవాళ్లు తుపాకులతో దిగుతారు. ఈ సంగతి ఆడవాళ్లకు చెప్పొద్దన్నాడు డైరెక్టర్. చెబితే మొహాల్లో సహజత్వం పోతుందట.

నాకు ఒళ్లు మండింది. "సార్, వాళ్లు ఎక్కడినుంచి వచ్చిండ్రో మీకు తెలుసు కద. చెప్పకుంటే ఎట్ల?"

"ఆంటీ, వాళ్లు చూసింది మచ్చల యూనిఫాం. మీరు కుట్టింది పాతకాలం ఖాకీ నిక్కరు. ఇది హిస్టారికల్. వాళ్లకు దీనికీ దానికీ సంబంధమే ఉండదు."

"బూట్లు, తుపాకులు గూడ హిస్టారికలేనా సార్?"

"అవి డమ్మీలు ఆంటీ" అన్నాడు చాలా ఓపిగ్గా, నాకు తెలియనిదేదో చెబుతున్నట్టు.

ఆయన అటు తిరగగానే నేను మేస్త్రి దగ్గరకు వెళ్లి, ఇట్లా ఖాకీవాళ్లు వస్తారు, అంతా వేషమే, మనవాళ్లకు చెప్పు అన్నాను. ఆమె సరేనంది. చెవుల్లో చెబుతూ ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లింది. చివరి గుడిసె దగ్గర చంటిపిల్లను ఒళ్లో పెట్టుకున్న పడుచుతల్లి ఒకామె ఉంది. ఆ గూడెంలో అందరికన్నా ఆలస్యంగా వచ్చి చేరిన మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. మేస్త్రి ఆమె దాకా వెళ్లకముందే జీపులొచ్చేశాయి. వెలుతురు బాగుందని డైరెక్టర్ తొందరపెట్టాడట.

చెప్పినవాళ్లూ చెప్పనివాళ్లూ అందరూ లేచి పరుగెత్తారు. వేషమని తెలిసి కూడా కాళ్లు ఆగలేదని మేస్త్రి తరువాత చెప్పింది. ఒక్క అరుపు లేదు, ఏడుపు లేదు. చేతిలో చేట ఉన్నవాళ్లు చేటతోనే, పిల్ల ఉన్నవాళ్లు పిల్లతోనే, తలా ఒక దిక్కుగా అడవిలో కలిసిపోయారు. కన్ను మూసి తెరిచేలోగా సెట్ ఖాళీ. కెమెరా వెనకాల కుర్చీలో డైరెక్టర్ మాత్రం చప్పట్లు కొట్టాడు. "ఇదే, నాకు కావాల్సింది ఇదే" అన్నాడు.

కాసేపటికి ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మేస్త్రి తలలు లెక్కపెట్టుకుంది. చంటిపిల్లతల్లి రాలేదు.

ఇక్కడినుంచి యూనిట్ చేసిన తెలివైన పనులు చెబుతాను, వినండి. మేనేజరు ఖాకీ నిక్కర్లవాళ్లను పిలిచి, మీరు కుర్రాళ్లు, త్వరగా పరుగెత్తగలరు, వెళ్లి ఆమెను తీసుకురండి అన్నాడు. వాళ్లు దమ్మపేట చుట్టుపక్కల పిల్లలు, పాపం మంచివాళ్లే. తలపాగాలూ బూట్లతోనే, ఒకడైతే డమ్మీ తుపాకీతోనే, అడవిలోకి పరుగెత్తారు. "ఆగమ్మా, ఏం కాదు, ఇది షూటింగ్" అని తెలుగులో అరుస్తూ. వాళ్లు ఎంత అరిస్తే ఆమె అంత దూరం పోదా? వాగు దాటి అవతలి గుట్టవైపు ఎక్కుతుంటే చూశామని చెప్పి, ఆయాసపడుతూ తిరిగొచ్చారు. వాగులో నీళ్లు లేవు. ఎండ మాడ్చేస్తోంది. ఆమె దగ్గర చెంబెడు నీళ్లు లేవు, చంకలో పాలుతాగే పిల్ల.

పైనుంచి చూస్తే కనబడుతుందేమోనని డ్రోన్ కెమెరాను ఎగరేశారు. ఏం కనబడుతుంది? ఎండుటాకులతో, ఎర్రమట్టితో కలిసిపోవాలని ఆమె చీరకు ఉతికినా పోని రంగు అద్దింది నేనే. బాగా కలిసిపోయిందని ముందురోజే అందరూ మెచ్చుకున్నారు. ఆ ఎగిరేదాని రొదకు ఆమె ఇంకెంత బెదిరిందో నాకు తెలియదు. మేస్త్రి మాత్రం దాన్ని చూడగానే, "దించుండ్రి, దించుండ్రి" అని చేతులూపింది. తరువాత అసిస్టెంట్ ఒకతను మైకు పట్టుకుని ఆమె పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.

అప్పుడు మేస్త్రి వెళ్లి మైకు లాక్కుంది. ఆమెకు అంత కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం.

"పేరు పెట్టి పిలిస్తే వస్తదా? మాకాడ పేరు పెట్టి పిలిస్తే పలకొద్దని పిల్లలకు నేర్పుతరు. పట్టుకపోయేటోళ్లే పేరు పిలుస్తరు."

"నువ్వు పిలువమ్మా, నీ గొంతు తెలుసు కదా" అన్నాడు డైరెక్టర్. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నా గొంతు గూడ నమ్మది సారూ. మెడ మీద కత్తి పెట్టి పిలిపియ్యరా?"

"మరి ఎలా వస్తుంది?"

"రోలు కావాలె."

ఆమె విడమరిచి చెప్పింది. వాళ్ల పాత ఊళ్లో బూట్ల చప్పుడైతే కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లంతా అడవిలోకి పోయేవారు. ముసలివాళ్లు మిగిలేవారు. వచ్చినవాళ్లు వెళ్లిపోయారని గట్టిగా తెలిశాక ముసలమ్మలు రోట్లో వడ్లు పోసి దంచేవారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒక రోకలి పడగానే ఇంకోటి. ఆ చప్పుడు వినపడితేనే దాక్కున్నవాళ్లు ఇంటికొచ్చేది. పిలవమని ఎవరైనా బలవంతపెడతారు గానీ దంచమని ఎవరు చెబుతారు, వాళ్లకు ఈ సంగతి తెలియదు కదా అంది.

సెట్ మీద రోలు ఉంది. ఆర్ట్‌వాళ్లు థర్మోకోల్‌తో చేసి రంగేశారు. మేనేజరు దాన్ని ఎత్తుకుని వచ్చాడు. తొందరలో ఆలోచించలేదనే అనుకుందాం.

దంచాల్సింది గూడెంలోనే అంది మేస్త్రి. ఇంకో రెండు మాటలు కూడా అంది. అడవి అంచు నుంచి ఆమె తొంగిచూస్తుంది, ఖాకీ కనబడితే రాదు. ఆ జనరేటర్ మోగుతుంటే ఏ చప్పుడూ వినపడదు.

ఖాకీ నాకు వదిలేయండన్నాను. ఆ పిల్లలందరినీ నా టెంట్ దగ్గరకు పిలిచి విప్పమన్నాను. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దమ్మపేట లాడ్జిలోనే వేషాలు వేసుకుని వచ్చారట, సొంత బట్టలు అక్కడే ఉన్నాయట.

"ఆంటీ, బనీన్ల మీద ఎట్ల ఉంటం?" అన్నాడొకడు.

"ఆమె పిల్లతోని గుట్ట మీద ఉన్నది. నీకు సిగ్గొస్తున్నదా? ఇప్పు ముందు."

మిగిలిన చీరలు తీసి అడ్డంగా కత్తిరించి తలా ఒక ముక్క ఇచ్చాను. అవే లుంగీల్లా చుట్టుకున్నారు. నేను రోజుల తరబడి పాతకాలం కొలతలతో కుట్టిన ఖాకీ మొత్తం ట్రంకులో కుక్కి తాళం వేశాను. డైరెక్టర్ ఆ కత్తిరించిన చీరల వంక ఒకసారి చూశాడు. షాటుకీ షాటుకీ బట్టలు మారకూడదనే కంటిన్యూటీ మాట ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయిందని నా అనుమానం.

జనరేటర్ దగ్గర ఇంకో పంచాయితీ. హీరోయిన్ వ్యాన్‌లో ఏసీ ఆగిపోతుందని మేనేజరు నసిగాడు. ఆ అమ్మాయి ఆ మాట విని తనే దిగొచ్చి, "ఆపేయండి" అని చెప్పి వెళ్లి ఒక చెట్టు కింద కూర్చుంది. ఆ రోజు చెప్పకుండానే సరైన పని చేసిన మనిషి యూనిట్‌లో ఆ పిల్ల ఒక్కతే.

గూడెంలో మేస్త్రీ, ఒక ముసలామే దంచడం మొదలుపెట్టారు. మేమంతా దూరంగా కూర్చున్నాం. అంతమంది సినిమావాళ్లు ఫోన్లు పక్కనపెట్టి నోరు మూసుకుని కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. దంచీ దంచీ ముసలామె అలిసిపోతే ఇంకొకామె అందుకుంది. మధ్యలో చప్పుడు ఆగకుండా చేతులు మార్చుకున్నారు. వడ్లు బియ్యమైనా, బియ్యం నూకలైనా ఆపలేదు. పెద్దమనిషి ఎండకు ఓర్చుకుంటుంది, పాలుతాగే పిల్ల ఓర్చుకుంటుందా? నాకు వచ్చిన దువాలన్నీ చదువుకున్నాను. మధ్యమధ్యలో డైరెక్టర్‌ను తిట్టుకున్నాను. రెండూ ఒకే నోటితో చేయకూడదని తెలుసు, ఆ రోజు కుదరలేదు.

ఎండ చల్లబడుతుండగా ఆమె వచ్చింది. మేమంతా చూస్తున్న వాగువైపు నుంచి కాదు, వెనక మోదుగు పొదల్లోంచి. పిల్ల ఆమె భుజం మీద కదులుతోంది. ఎవరో నీళ్లు తీసుకెళ్లబోతే మేస్త్రి రోలు దగ్గరనుంచే చేయెత్తి ఆపింది.

ఆమె మమ్మల్ని చూడలేదు. రోలు దగ్గరున్న వాళ్ల దగ్గరకు వెళ్లి మేస్త్రి చేయి పట్టుకుని చూసింది. తరువాత ముసలామె చేయి. ఆ తరువాత గుడిసెల ముందు కూర్చున్న ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి తలో, భుజమో ముట్టుకుంటూ ఏదో అడిగింది. ప్రతి గుడిసెలోకీ తొంగిచూసింది. అంతా అయ్యాక మళ్లీ రోలు దగ్గరకొచ్చి కింద కూర్చుని, పిల్లకు పాలిస్తూ ఏడవడం మొదలుపెట్టింది. పొద్దుటినుంచి అక్కడ వినపడిన మొదటి ఏడుపు అదే.

"ఏమంటున్నది చెల్లె?" అని దగ్గరకెళ్లి అడిగాను.

మేస్త్రి చెమట తుడుచుకుంటూ చెప్పింది. "ఎవరిని తీస్కపోయిండ్రని అడిగింది. ఎవల్నీ లేదన్న. నమ్మలే. అందరిని ముట్టుకొని చూసుకున్నది. ఎన్నిసార్లు ఉరికిననో, తిరిగొస్తే అందరు ఉండుడు గిదే మొదలు అంటున్నది."

నేను ఏడ్చాను, దాచేదేం లేదు.

డైరెక్టర్ దగ్గరకొచ్చి, "ఏమంటోంది ఆంటీ?" అన్నాడు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, నటన కాదు. తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, పక్కనున్న అసిస్టెంట్‌తో, "ఈ లైన్ నోట్ చేసుకో" అన్నాడు.

మేస్త్రి లేచి, "సారూ, పొద్దుగాల మేము ఉరికింది తీసెయ్యి" అంది. ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా, ఆ షాట్ ఎక్కడా వాడలేదు. మర్నాటినుంచి ఆడవాళ్లు రాలేదు. ఇల్లందు వైపు నుంచి ఇంకెవరినో బస్సులో తీసుకొచ్చారు. వాళ్లు చిరుగులు కుట్టలేదు, అడిగినప్పుడల్లా చక్కగా అరిచారు.

సిరీస్ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం కూర్చుని చూశాం. చివరి భాగంలో హీరోయిన్ అడవిలోంచి ఊరికి తిరిగొస్తుంది. గుడిసె గుడిసెలోకీ తొంగిచూస్తుంది. వీపు మీద నేను చింపని చిరుగు ఒకటి కొత్తగా ఉంది. రోలు దగ్గర కూలబడి, "ఎన్నిసార్లు పరుగెత్తానో, తిరిగొస్తే ఒక్కరూ ఉండరు" అని ఏడుస్తుంది. బాగా ఏడ్చింది. మా కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నేను డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. కాస్ట్యూములను అందరూ మెచ్చుకుంటున్నారని ఆయన సంబరంగా చెప్పాడు. తరువాతి ప్రాజెక్టుకు కూడా మీరే ఉండాలన్నాడు.

"ఆ మాట ఎందుకు మార్చిండ్రు సార్?" అని అడిగాను.

"ఏ మాట? అదా... అందరూ ఉన్నారంటే ఏడుపు ఎలా వస్తుంది ఆంటీ? ఆడియెన్స్‌కి అందదు."

"ఆమె ఏడ్చింది అందరు ఉన్నందుకే సార్" అన్నాను.